టైపు 2 మధుమేహంతో కూడివచ్చే దీర్ఘవ్యాధులు

టైపు 2 మధుమేహం ఉన్న వ్యక్తికి అదే కాలంలో ఉండే ఇతర దీర్ఘకాలిక రుగ్మతలను వైద్యపరిభాషలో సహవ్యాధులు అంటారు. అధిక రక్తపోటు, రక్తంలో కొవ్వు పెరగడం, హృద్రోగం, పక్షవాతం, మూత్రపిండాల వ్యాధి, దృష్టిపటల వ్యాధి, నాడుల క్షీణత, కొవ్వు కాలేయం, క్షయ, కుంగుబాటు, థైరాయిడ్ లోపం, కీళ్ల అరుగుదల వీటిలో ముఖ్యమైనవి. ఒక్క మధుమేహం తప్ప మరే దీర్ఘవ్యాధీ లేని రోగులు తక్కువ. ఎక్కువమంది మధుమేహుల మరణానికి దారితీసేది గుండె, రక్తనాళాల వ్యాధులే. కనుక మధుమేహ చికిత్స అంటే రక్తంలో చక్కెరను తగ్గించడమేనన్న అభిప్రాయం సరైనది కాదు. ఈ సమస్య స్వరూపం హైదరాబాదు నగరంలో, అందునా గౌలిపుర వంటి పాతనగరపు బస్తీలలో స్పష్టంగా కనిపిస్తుంది.

నిర్వచనం

మధుమేహం వల్ల నేరుగా కలిగే హానిని ఉపద్రవం అనీ, మధుమేహంతోపాటు ఉన్న వేరొక వ్యాధిని సహవ్యాధి అనీ వేరుచేసి చెప్పడం వాడుక. దృష్టిపటల వ్యాధి మొదటి కోవకు, థైరాయిడ్ లోపం రెండవ కోవకు చెందుతాయి. అయితే ఈ విభజన అన్నిచోట్లా నిలవదు. రక్తపోటు మధుమేహానికి ముందే రావచ్చు. మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న తరువాత, ఆ కారణంగానూ రావచ్చు. రోగి దృష్టిలో ఈ తేడాకు పెద్దగా విలువ లేదు.

ఆచరణలో మరొక విభజన ఎక్కువగా ఉపయోగపడుతుంది. అమెరికాకు చెందిన పియెట్, కెర్ అనే పరిశోధకులు 2006లో సహవ్యాధులను అనుకూలమైనవి, అననుకూలమైనవి అని రెండుగా చూపారు. రక్తపోటు, హృద్రోగం వంటివి మొదటి రకం. వీటి చికిత్స, మధుమేహ చికిత్స ఒకే దారిలో నడుస్తాయి. ఒకదానికి పాటించిన పథ్యం రెండవదానికీ మేలు చేస్తుంది. కీళ్లనొప్పులు, ఉబ్బసం, కుంగుబాటు, కాన్సరు రెండవ రకం. మోకాళ్లు అరిగిన రోగికి రోజూ నడవమని చెప్పడం తేలిక, నడవడం కష్టం. ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్ మాత్రలు చక్కెరను పెంచుతాయి. ఒక వ్యాధికి మందు మరొక వ్యాధికి ముప్పు కావడం ఈ రెండవ రకంలోనే ఎక్కువ.

అనేక సహవ్యాధులకు మూలం ఒకటే. అది ఇన్సులిన్ నిరోధకత, అనగా దేహంలో ఇన్సులిన్ ఉన్నప్పటికీ కణాలు దానికి సరిగా స్పందించకపోవడం. మధుమేహం, రక్తపోటు, కొవ్వుల అసమతౌల్యం ఒకే మనిషిలో గుంపుగా కనిపించడానికి ఇదే కారణమని అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ 1988లో ప్రతిపాదించాడు. దక్షిణాసియావారిలో బరువు అంత ఎక్కువ లేకపోయినా పొట్ట చుట్టూ కొవ్వు చేరే లక్షణం ఉన్నందువల్ల, తక్కువ వయసులోనే ఈ గుంపు తయారవుతుంది. చూపులకు సన్నగా ఉన్నవారు తమకు ఈ వ్యాధులు రావనుకోవడం పొరపాటు.

మధుమేహం ఒంటరిగా రాదన్న సంగతి ప్రాచీనులకు తెలియనిది కాదు. ప్రమేహం ముదిరినవారికి లేచే వ్రణాలను ప్రమేహ పిడకలు అనే పేరుతో ఆయుర్వేద సంహితలు వర్ణించాయి.

హైదరాబాదు, గౌలిపుర

2000లో దేశంలోని 6 మహానగరాలలో 20 ఏళ్లు దాటిన 11,216 మందిని పరీక్షించి జరిపిన జాతీయ నగర మధుమేహ సర్వే ఫలితాలు 2001లో వెలువడ్డాయి. వాటిలో హైదరాబాదు 16.6 శాతంతో ప్రథమస్థానంలో నిలిచింది. చెన్నై 13.5, బెంగళూరు 12.4, కోల్‌కతా 11.7, ఢిల్లీ 11.6, ముంబయి 9.3 శాతంతో తరువాతి స్థానాలలో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి. దాని ప్రకారం భారతదేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. అదే అధ్యయనం వయోజనులలో 35.5 శాతానికి అధిక రక్తపోటు ఉన్నదని అంచనా వేసింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూస్తే రెండు వ్యాధులూ ఒకే ఇంట్లో, తరచు ఒకే మనిషిలో ఎందుకు కనిపిస్తాయో అర్థమవుతుంది.

గౌలిపుర చార్మినారుకు దక్షిణాన, శాలిబండ, లాల్ దర్వాజా, ఛత్రినాకల సమీపంలో ఉన్న పాత బస్తీ. ఒకప్పటి నగర ప్రాకారపు ద్వారాలలో గౌలిపుర దర్వాజా ఒకటి. పాడి పశువులను పోషించే గౌళీల పేరు ఈ బస్తీ పేరులో వినిపిస్తుంది. తెలుగు, ఉర్దూ రెండూ ఇక్కడి వాడుక భాషలు. మధుమేహాన్ని తెలుగువారు షుగరు అనీ, యునానీ వైద్యులు జియాబేతుస్ అనీ వ్యవహరిస్తారు. వైద్యునితో "నాకు బీపీ, షుగరు ఉన్నాయి" అని రెంటినీ కలిపి ఒకే వ్యాధిలా చెప్పడం ఇక్కడే కాక తెలుగునాట అంతటా వినబడేదే. వైద్యశాస్త్రం దృష్టిలోనూ అది పెద్ద తప్పు కాదు.

చికిత్స విషయానికి వస్తే వ్యాధులు ఒకే దేహంలో ఉన్నా, వైద్యాలయాలు నగరమంతటా చెదిరి ఉన్నాయి. ఈ ప్రాంతపు రోగులకు పెద్ద ప్రభుత్వాసుపత్రి మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఉస్మానియా. కంటికి మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, క్షయ ముదిరితే ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి, మనోవ్యాధికి అదే ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, ప్రత్యేక చికిత్సలకు పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. చార్మినారు పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి కలదు. ఒక్కొక్క చోట ఒక్కొక్క చీటీ, ఒక్కొక్క మందుల జాబితా తయారవుతుంది. కంటి వైద్యుడు వ్రాసినది మూత్రపిండాల వైద్యుడు చూడడం, ఆయన వ్రాసినది బస్తీలోని వైద్యుడు చూడడం రోగి తన వెంట తీసుకువెళ్లే సంచి మీద ఆధారపడి ఉంటుంది. కూలికి పోయే మనిషికి ప్రతి ఆసుపత్రి ప్రయాణమూ ఒక రోజు కూలి. అందువల్ల నొప్పి, మంట లేని వ్యాధులకు చూపించుకోవడం వాయిదా పడుతుంది. మధుమేహంతో వచ్చే ప్రమాదకరమైన వ్యాధులలో అధికభాగం తొలిదశలో నొప్పి లేనివే.

ఉస్మానియా పాత భవనాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో విన్సెంట్ ఎష్ నమూనా ప్రకారం నిర్మించారు. 2020 జూలైలో వార్డులలోకి వర్షపునీరు చేరిన తరువాత రోగులను ఆ భవనం నుండి ఇతర భవనాలకు తరలించారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రి భవనాలకు 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఇరానీ చాయ్‌తో తినే ఉస్మానియా బిస్కట్టు ఈ ఆసుపత్రి రోగుల కోసమే పుట్టిందని నగరంలో ప్రతీతి. తీపి, ఉప్పు, వెన్న కలిసిన ఆ బిస్కట్టు నేటి మధుమేహులకు మాత్రం పథ్యం కాదు.

రక్తపోటు, గుండె

సహవ్యాధులలో అత్యంత సాధారణమైనది అధిక రక్తపోటు. దాని ప్రాముఖ్యాన్ని నిరూపించినది బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు ప్రకటించిన మధుమేహ అధ్యయనం. 5,102 మంది కొత్త రోగులతో జరిగిన ఈ అధ్యయనంలో చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో కళ్లు, మూత్రపిండాల వంటి సూక్ష్మనాళ ఉపద్రవాలు 25 శాతం తగ్గాయి. అందులో భాగంగానే రక్తపోటును సగటున 154/87 బదులు 144/82కు దించిన రోగులలో మధుమేహ సంబంధ మరణాలు 32 శాతం, పక్షవాతం 44 శాతం తగ్గాయి. చక్కెర పరీక్షకు ఇచ్చే శ్రద్ధలో సగమైనా రక్తపోటు కొలతకు ఇవ్వని అలవాటు ఈ అంకెల ముందు నిలబడదు.

డెన్మార్క్‌లోని స్టెనో కేంద్రం 160 మందితో జరిపిన పరిశోధన ఇంకొక అడుగు ముందుకు వేసింది. చక్కెర, రక్తపోటు, కొవ్వు, పొగతాగడం, ఆహారం, వ్యాయామం అన్నింటినీ ఒకేసారి పట్టించుకున్న రోగులలో గుండె, రక్తనాళాల వ్యాధుల ముప్పు సగానికి పైగా తగ్గినట్లు 2003లో తేలింది. ఒక్క అంకెను కాక మొత్తం మనిషిని చూడాలన్న వాదానికి ఇప్పటికీ ఈ చిన్న అధ్యయనమే బలమైన ఆధారం.

మధుమేహుల గుండెపోటుకు ఒక విశేషం ఉన్నది. నాడులు మొద్దుబారినందువల్ల కొందరికి ఛాతీనొప్పి రాదు. ఆయాసం, చెమటలు, వాంతి, హఠాత్తుగా నీరసం మాత్రమే కనిపిస్తాయి. వీటిని గ్యాసు అనుకుని సోడా తాగి ఊరుకోవడం ప్రాణాంతకం కావచ్చు.

మూత్రపిండాలు

మధుమేహులలో సుమారు మూడవ వంతు మందికి కాలక్రమంలో మూత్రపిండాల వ్యాధి వస్తుంది. మొదట్లో దీనికి ఏ లక్షణమూ ఉండదు. పాదాలు ఉబ్బడం, ఆకలి తగ్గడం కనిపించేనాటికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. దీనిని ముందుగా పసిగట్టడానికి రెండు చిన్న పరీక్షలు చాలు. ఒకటి మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తి పరిమాణం. ఇది గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండవది రక్తంలోని క్రియాటినిన్ నుండి లెక్కగట్టే వడపోత రేటు. ఇది 3 నెలలకు పైగా 60కి దిగువన ఉంటే వ్యాధి ఉన్నట్లు.

ఇక్కడ రోగులను తప్పుదారి పట్టించే విషయం ఒకటి కలదు. దేహంలోని ఇన్సులిన్‌ను తొలగించే పనిలో మూత్రపిండాలకు కూడా భాగం ఉన్నది. అవి చెడిపోయినప్పుడు ఇన్సులిన్, కొన్ని మాత్రలు దేహంలో ఎక్కువసేపు నిలిచి చక్కెర దానంతట అదే తగ్గుతుంది. చాలా ఏళ్లుగా అదుపులోకి రాని షుగరు మందులు పెంచకుండానే తగ్గితే రోగి, కుటుంబసభ్యులు సంతోషిస్తారు; నాటుమందు పనిచేసిందని కొందరు నమ్ముతారు. నిజానికి అది మూత్రపిండాలు విఫలమవుతున్న సూచన కావచ్చు. ఈ దశలో పాత మోతాదులోనే మాత్రలు వేసుకుంటే చక్కెర ప్రమాదస్థాయికి పడిపోయి స్పృహ తప్పవచ్చు. మెట్‌ఫార్మిన్‌ను వడపోత రేటు 30కి తగ్గినప్పుడు ఆపివేయాలి.

మూడు నెలల సగటును చూపే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా ఇటువంటి రోగులలో మోసం చేస్తుంది. మూత్రపిండాల వ్యాధి ముదిరినప్పుడు ఎర్ర రక్తకణాల ఆయుర్దాయం తగ్గి ఫలితం వాస్తవం కంటె తక్కువగా రావచ్చు. ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో ఎక్కువగా రావచ్చు. రక్తహీనత విస్తారంగా ఉన్న మన మహిళల విషయంలో ఈ అంకెను ఒంటరిగా నమ్మరాదు.

పథ్యం విషయంలోనూ ఘర్షణ తప్పదు. షుగరు రోగికి పప్పులు, ఆకుకూరలు, కొన్ని పళ్లు మేలు అంటారు. మూత్రపిండాల వ్యాధి ముదిరినవారికి పొటాషియం ఎక్కువగా ఉండే ఖర్జూరం, అరటిపండు, కొబ్బరినీళ్లు గుండె లయను దెబ్బతీయవచ్చు. ఇద్దరు వైద్యులు రెండు జాబితాలు ఇచ్చినప్పుడు వంటింట్లో ఏది వండాలో తెలియని స్థితి ఏర్పడుతుంది. సాధారణంగా మూత్రపిండాల పరీక్ష ఫలితాలను బట్టి నిర్ణయించిన జాబితాకే ప్రాధాన్యం ఇవ్వాలి.

మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేసే మందులు ఉన్నాయి. పూర్వం నుండి వాడుకలో ఉన్నవి ఆంజియోటెన్సిన్‌ను అడ్డుకునే రక్తపోటు మాత్రలు. 2015 తరువాత వెలువడిన అధ్యయనాలలో ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరతోపాటు గుండె వైఫల్యాన్ని, మూత్రపిండాల క్షీణతను కూడా తగ్గిస్తాయని రుజువైంది. డాపాగ్లిఫ్లోజిన్‌పై పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌పై 2025 మార్చిలో భారతదేశంలో ముగియడంతో అనేక కంపెనీలు వీటిని తయారుచేయసాగాయి, ధరలు బాగా తగ్గాయి. మూత్రపిండాలు పూర్తిగా విఫలమైతే డయాలసిస్ లేదా మార్పిడి తప్ప మార్గం లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం డయాలసిస్ ఖర్చును భరిస్తుంది. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు యంత్రం పక్కన గడపవలసిన రోగి, అతని వెంట వచ్చే మనిషి కోల్పోయే పనిదినాలు మాత్రం ఏ పథకంలోనూ లెక్కకు రావు.

కళ్లు, పాదాలు

ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-97లో హైదరాబాదు నగరంలో జరిపిన సర్వేలో, 30 ఏళ్లు దాటి తమకు మధుమేహం ఉన్నదని చెప్పిన 124 మందిలో 28 మందికి, అనగా 22.6 శాతానికి దృష్టిపటల వ్యాధి ఉన్నట్లు తేలింది. ఇది నొప్పి లేకుండా, చాలాకాలం చూపు తగ్గకుండానే పెరుగుతుంది. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి ఏడాదికొకసారి పరీక్షించడం దీనిని పట్టుకునే మార్గం. దృష్టిపటలంపై మచ్చలున్నవారికి మూత్రపిండాల వ్యాధి కూడా ఉండే అవకాశం ఎక్కువ. ఒకచోట దొరికితే రెండవచోట వెదకాలి.

నాడుల క్షీణత పాదాలతో మొదలవుతుంది. మొదట తిమ్మిరి, మంట; తరువాత స్పర్శ పోతుంది. దానికి రక్తప్రసరణ లోపం తోడైతే చిన్న పుండు కుళ్లి కాలు తీసివేయవలసి రావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవారిలో, ముఖ్యంగా శాకాహారులలో, విటమిన్ బి12 లోపం కూడా ఇవే తిమ్మిర్లను తెస్తుంది. అది చికిత్సకు లొంగుతుంది కనుక పరీక్షించి చూడవలసినదే. ఆషాఢ బోనాల సమయంలో లాల్ దర్వాజా, గౌలిపుర వీధులలో చెప్పులు లేకుండా నడిచే భక్తులు ఎందరో. స్పర్శ లేని పాదంతో నడిచినవారు ఇంటికి వచ్చి, ఇతరుల సాయంతోనైనా లేక అద్దంతోనైనా, అరికాళ్లను చూసుకోవాలి. మొదట కుష్ఠురోగుల కోసం వాడిన మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు మధుమేహులకూ అంతే ఉపయోగం.

క్షయ

ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగవ వంతు భారతదేశంలోనే ఉన్నారు. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ. గాలి, వెలుతురు తక్కువగా ఉండే ఇరుకు ఇళ్లలో ఈ రెండు వ్యాధులు కలిసే అవకాశం మరింత. క్షయ ఉన్నప్పుడు చక్కెర పెరుగుతుంది, చక్కెర పెరిగితే క్షయ చికిత్స విఫలం కావడం, తిరగబెట్టడం ఎక్కువ. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కొన్ని షుగరు మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఐసోనియాజిడ్ నాడులకు హాని చేయవచ్చు కనుక విటమిన్ బి6 కూడా ఇస్తారు. క్షయ రోగులందరికీ చక్కెర పరీక్ష, మధుమేహులలో దగ్గు, జ్వరం ఉన్నవారికి క్షయ పరీక్ష జరపాలని 2017లో కేంద్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. మందులతో కూడా బరువు తగ్గుతున్న షుగరు రోగి, అది పథ్యం ఫలితమేననుకుని తృప్తిపడరాదు.

కాలేయం, మనసు

టైపు 2 మధుమేహులలో సగానికి పైగా కొవ్వు కాలేయం ఉంటుంది. మద్యం ముట్టనివారికీ ఇది వస్తుంది. కొందరిలో కాలేయం గట్టిపడే స్థితికి చేరుతుంది. దీనికి ఇంతవరకు తెలిసిన ఉత్తమ చికిత్స బరువు తగ్గడమే.

కుంగుబాటు మధుమేహులలో ఇతరులకంటె సుమారు రెండు రెట్లు ఎక్కువ. ఇది ఉన్నవారు మందులు సరిగా వేసుకోరు, పరీక్షలకు రారు. దానితో మిగిలిన వ్యాధులన్నీ ముదురుతాయి. నిద్రలేమి, నీరసం, ఆకలి మార్పులను షుగరు లక్షణాలుగానే భావించడం వల్ల దీనిని వైద్యులూ గుర్తించలేకపోతుంటారు. మానసిక వ్యాధికి వాడే కొన్ని మందులు బరువును, చక్కెరను పెంచుతాయి. అంతమాత్రాన వాటిని స్వయంగా మానివేయరాదు.

మందుల మధ్య వైరుధ్యాలు

నాలుగైదు దీర్ఘవ్యాధులున్న రోగి రోజుకు పదికి పైగా మాత్రలు మింగడం అసాధారణం కాదు. గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లు, చక్కెర పడిపోయినప్పుడు కలిగే గుండెదడను కప్పిపుచ్చుతాయి; చెమట పట్టడం మాత్రం కనిపిస్తుంది. పయోగ్లిటజోన్ గుండె వైఫల్యం ఉన్నవారికి తగదు. అన్నింటికంటె సామాన్యమైన ప్రమాదం మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్ వంటివి మోకాలినొప్పిని తగ్గించి, అప్పటికే బలహీనపడిన మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, రక్తపోటును పెంచుతాయి. యునానీ, ఆయుర్వేద, నాటు మందులను అల్లోపతి మాత్రలతో కలిపి వాడేవారు ఆ సంగతిని ఇరువురు వైద్యులకూ చెప్పాలి. దాచినందువల్ల చక్కెర హఠాత్తుగా పడిపోయే అవకాశమున్నది.

ఉపవాసాలు

పాతనగరంలో మధుమేహ చికిత్స గురించి రంజాన్ నెలను ప్రస్తావించకుండా వ్రాయడం కుదరదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య సహకారంతో 2016లో, తిరిగి 2021లో వెలువడిన మార్గదర్శకాలు రోగులను ముప్పును బట్టి వర్గీకరిస్తాయి. మూత్రపిండాల వ్యాధి ముదిరినవారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు, తరచు చక్కెర పడిపోయేవారు అధిక ముప్పు గలవారు. వీరు ఉపవాసం ఉండరాదని సూచన. చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలి. రక్తపరీక్ష కోసం వేలికి సూది గుచ్చుకుంటే రోజా భంగం కాదని పలువురు మతపండితులు స్పష్టం చేశారు. సహరీ, ఇఫ్తార్ వేళలకు మందులను మార్చడం నెల మొదలవకముందే వైద్యునితో మాట్లాడి చేసుకోవలసిన పని. ఏకాదశి, శివరాత్రి, శ్రావణ శనివారాలలో ఒక్కపొద్దులుండే హిందువులకూ ఇదే వర్తిస్తుంది. అయితే వారికోసం ఇంత వివరమైన మార్గదర్శకాలు తయారు కాలేదు.

సదుపాయాలు, లక్ష్యాలు

కేంద్ర ప్రభుత్వం 2010లో అసాంక్రమిక వ్యాధుల నివారణకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని కింద 30 ఏళ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు చేస్తారు. హైదరాబాదులో 2018 నుండి ప్రారంభమైన బస్తీ దవాఖానాలలో వైద్యుని సలహా, మందులు, రక్తపరీక్షలు ఉచితం. నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉండడం వీటి ప్రధాన గుణం. చక్కెర, రక్తపోటు, మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్, కొవ్వులు, పాదాల స్పర్శ వంటివి పరీక్షించడానికి పెద్దాసుపత్రి అవసరం లేదు. కంటి పరీక్ష, ముదిరిన వ్యాధుల చికిత్స మాత్రమే పైస్థాయికి పోవాలి.

అందరికీ ఒకే లక్ష్యం పెట్టరాదన్నది నేటి వైద్యుల అభిప్రాయం. వేరే జబ్బులు లేని నడివయసు రోగికి హెచ్‌బిఎ1సి 7 శాతం లోపు ఉండాలంటారు. గుండె, మూత్రపిండాల వ్యాధులున్న వృద్ధులకు 8 శాతం వరకు అంగీకరిస్తారు. వీరిలో చక్కెరను మరీ తగ్గించబోతే రాత్రివేళ అది పడిపోయి కింద పడడం, తుంటి ఎముక విరగడం, గుండె లయ తప్పడం జరగవచ్చు. ఒంటరిగా నివసించే వృద్ధుల విషయంలో ఈ సడలింపు మరీ అవసరం.